ఆళ్లగడ్డ నుంచి తెచ్చిన బల్ల

మా ఇంట్లో అన్నం తినడానికి బల్ల ఎప్పుడూ లేదు. వంటింట్లో చాప పరుచుకుని, గోడకు ఆనుకుని తినేవాళ్లం. మా ఇంటాయన బస్సు డ్రైవరు. నంద్యాల నుంచి శ్రీశైలం పోయే ఘాటు రోడ్డు మీదే ఆయన ఉద్యోగమంతా గడిచింది. పగలంతా సీట్లో కూర్చుని నడుము బిగుసుకుపోయేది. ఇంటికొచ్చినాక కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే తప్ప తిన్నట్టు ఉండదనేవాడు. నేను గోస్పాడు పక్కన ఒక పల్లెలో టీచరును. మాకు ఒక్కతే కూతురు, ప్యాపిలిలో కాపురం.

చలికాలంలో ఒక పొద్దున గడ్డం గీసుకుంటా అద్దం ముందర కూలబడినాడు. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినాయి. మాట పోయింది. ఒక్క మాట మాత్రం మిగిలింది, "రైట్" అని. ఏండ్ల తరబడి బస్సు కదలమని వెనక నుంచి కండక్టరు అరిచిన మాట అది. నీళ్లు కావాలన్నా రైట్, వద్దన్నా రైట్, నొప్పికీ అదే, నన్ను పిలవడానికీ అదే. డాక్టరును అడిగితే, కొందరికి అట్లా ఒక మాట నిలిచిపోతుంది, ఎందుకో చెప్పలేం అన్నాడు. కోపంగా, బతిమాలుతున్నట్టు, విసుగ్గా, ఒక్కోసారి ఏడుస్తా ఆయన ఆ మాట అనేవాడు. గొంతును బట్టి అర్థం చేసుకోవడం నేర్చుకున్నాను. చాలాసార్లు తప్పుగానే అర్థం చేసుకున్నాను.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినాక అన్నిటికన్నా కష్టమైంది తిండి. కింద కూర్చోలేడు. మంచం మీద దిండ్లు పెట్టి ఆనిస్తే పక్కకు ఒరిగిపోయేవాడు. మెత్తగా పిసికిన అన్నం నోట్లో పెడితే కుడి పక్కనుంచి జారి రొమ్ము మీద పడేది. తువ్వాలు కట్టేదాన్ని. పసిపిల్లోనికి కట్టినట్టు ఆ తువ్వాలు కడతాంటే ముఖం గోడకు తిప్పుకునేవాడు. కొన్ని పూటలు నోరే తెరిచేవాడు కాదు.

చేతులకు, కాళ్లకు కసరత్తు చేయించడానికి ఒక అమ్మాయి వచ్చేది. ఆ అమ్మాయి చెప్పింది, "మేడం, పడుకోబెట్టి తినిపించొద్దు, పొరబోతుంది. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టండి. ముందర బల్ల ఉండాల. చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుంటే మనిషి ఒరగడు. ఎడమ చేత్తో తననే తిననీండి, కిందపడినా ఫర్వాలేదు."

మా ఇంట్లో ఉన్నవి ప్లాస్టిక్ కుర్చీలు. ఆయన బరువుకు అవి వెనక్కి జారేవి. గట్టి చెక్క బల్ల, చేతులున్న చెక్క కుర్చీలు కావాల. కొత్తవి కొనే స్థితిలో లేము. ఈ సంగతి ఫోన్లో ఆళ్లగడ్డలో ఉన్న వదినకు చెప్పినాను.

వదిన అంటే ఆయన అక్క. తల్లి చిన్నప్పుడే పోతే ఆయన్ని పెంచింది ఆమే. మొగుడు పోయినాక ఆళ్లగడ్డలో ఇంటి ముందర మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. మాట దాచుకునే మనిషి కాదు. నన్ను "మే" అనే పిలుస్తుంది. వారం తిరక్కుండానే ఆమే ఫోన్ చేసింది.

"ఈడ మా వీధి చివర రెడ్ల ఇల్లొకటి ఉండాది మే. అన్నదమ్ములు పంచుకున్నారు. నడింట్లో గోడ కట్టుకున్నారు. పెద్ద బల్ల, నాలుగు కుర్చీలు పశువుల కొట్టంలో పడేసినారు. ఎవరికీ ఒద్దంట. వచ్చి చూసుకో."

ఆదివారం మధ్యాహ్నం చర్చిలో ఆరాధన అయినాక ఆయన్ని పక్కింటావిడకు అప్పజెప్పి బస్సెక్కినాను. శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ దగ్గర పడేసరికి రోడ్డు పక్కన కొట్టాల్లో రాతి విగ్రహాలు చెక్కే ఉలి చప్పుళ్లు. తలలు మాత్రమే పూర్తయిన విగ్రహాలు ఎండలో నిలబడి ఉన్నాయి. వదిన బస్టాండు దగ్గరే ఎదురొచ్చింది. నడుస్తా నడుస్తా అడిగింది.

"ఎట్లుండాడు వాడు?"

"కొంచెం మేలు వదినా. కాలు కదిలిస్తాండాడు."

"నేను చూసినాను గదా పోయిన నెల. యాడ కదిలిస్తాండాడు? నువ్వు ఎత్తితే లేస్తాది, ఇడిస్తే పడతాది."

నేను నడక పెంచినాను.

కొట్టంలో ఎరువు మూటల కింద ఉంది బల్ల. ఎప్పుడో ఎవరో కిటికీలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ పెయింటు దానికీ, కుర్చీలకూ పూసినారు. పెయింటు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. కోళ్ల రెట్టలు, పేడ. ఒక కుర్చీకి ఒక చెయ్యి లేదు. ఆ అన్నదమ్ముల్లో చిన్నోని భార్య చంకలో బిడ్డనెత్తుకుని వచ్చింది.

"మా మామోళ్ల నాయన చేయించినాడంట. పైది టేకు, కాళ్లు వేప. మా ఆయన కావాలంటాడు, మా బావ కావాలంటాడు. ఇద్దరికీ ఇచ్చేది లేదని మా అత్త ఈడ పడేయించింది. తీస్కపోండి. ఇది ఈన్నించి పోతేనే మా కొంపలో కొట్లాటలు పోతాయి."

నేను మూటలు జరిపి, చీర చెంగుతో ఒక మూల తుడిచి, గోటితో గీకినాను. ఆకుపచ్చ పెచ్చు ఊడి కింద నల్లటి వార్నీషు కనబడింది. ఇంకా గీకితే కాస్త ఎరుపు తేలింది. బల్ల మీద రెండు అరచేతులూ ఆనించి బరువంతా వేసినాను. కదల్లేదు. అప్పుడే ఇది మా ఇంటికి రావాల అనుకున్నాను.

ట్రాలీ ఆటోలో ఎక్కిస్తాంటే వదిన కుర్చీ ఒకటి పట్టుకుని నిలబడి, "మే, ఒక మాట చెప్తా, బాధపడొద్దు," అంది. "వాడు ఇంగ లేచేది లేదు. మా నాయన్ను చూసినా, మా చిన్నాయన్ను చూసినా. ఇట్లనే పడినారు, ఇట్లనే పోయినారు. నువ్వు ఆశ పెట్టుకొని నలిగిపోవద్దు."

"ఆ మాట మళ్లీ అనొద్దు వదినా," అన్నాను. గొంతు గట్టిగానే లేచింది. ఆటో అతను తిరిగి చూసినాడు. వదిన కుర్చీ ఎక్కించి, తాడు బిగించి, "పో, పొద్దు పోతాది," అంది. దారి పొడవునా ఆమె మీద కోపంతోనే వచ్చినాను.

బల్ల మా వాకిట్లో పట్టలేదు. పక్క సందులోంచి తెచ్చి వెనక వరండాలో రేకుల కింద పెట్టించినాను. ఎండాకాలం సెలవులు మొదలైనాయి. పాలిష్ పని చేసే భాయ్ ఒకాయన ఉంటే పిలిపించినాను. ఆయన బల్ల చుట్టూ తిరిగి చూసి, పెళ్లిళ్ల కాలం, మంచాల పాలిష్ పనులు చేతినిండా ఉన్నాయి, ఇప్పట్లో కుదరదన్నాడు. "అయినా టీచరమ్మా, మొదట పెయింటు ఊడదీయాల. అది ఎవరైనా చేయొచ్చు, ఓపిక ఉంటే చాలు. మీరు గీకి పెట్టండి, ఆఖర్న పాలిష్ కొట్టేది నేనొచ్చి చూస్తా," అని పెయింటు ఊడదీసే మందు, రేకు పట్టీ, చెక్క రుద్దే ఎమరీ కాగితం ఏ దుకాణంలో దొరుకుతాయో చెప్పిపోయినాడు.

పొద్దున్నే, ఎండ రేకుల మీదికి రాకముందు మొదలుపెట్టేదాన్ని. మందు పూస్తే పెయింటు ముడతలు పడి, కాగిన పాల మీగడలాగా లేచేది. పట్టీతో గీకి పాత పేపర్లలో ఎత్తిపోసేదాన్ని. ఘాటు వాసన, కళ్లమ్మట నీళ్లు. ఆయన్ని ఒంటరిగా ముందు గదిలో వదలలేక వరండా గుమ్మంలో బల్లతో వచ్చిన చెక్క కుర్చీ ఒకటి వేసి కూర్చోబెట్టేదాన్ని, గాలి అటునుంచి ఇటు వచ్చే చోట. మొదట్లో పట్టించుకోలేదు. సందులోకి చూస్తా ఉండేవాడు. ఆకుపచ్చ పోయి, దాని కింది నలుపు పోయి, ఎర్రమన్ను లాంటి రంగు బయటపడిన రోజు మాత్రం మెడ తిప్పి చూసినాడు. "రైట్," అన్నాడు. మెల్లగా, ఏదో మెచ్చుకున్నట్టు. అంత మెత్తగా ఆ మాట అనగా నేను అంతకుముందు వినలేదు.

ఆ మరుసటి పొద్దున నేను కాగితంతో రుద్దుతాంటే ఎడమ చెయ్యి చాపినాడు. నీళ్లేమో అనుకుని గ్లాసు ఇచ్చినాను. తోసేసినాడు. తువ్వాలు ఇచ్చినాను. అదీ కాదు. చివరికి నా చేతిలోని కాగితం వైపు వేలు చూపించినాడు. కుర్చీ బల్ల దాకా జరిపి కాగితం చేతికిచ్చినాను. రుద్దడం మొదలుపెట్టినాడు. ఎడమ చెయ్యి అలవాటు లేని చెయ్యి, కాగితం జారిపోయేది. మళ్లీ తీసిచ్చేదాన్ని. ఆ పూట ఇద్దరం మాటల్లేకుండా బల్లకు చెరో కొసన కూర్చుని రుద్దినాం. ముఖానికి చెమట పట్టి, రెప్పల మీద చెక్కపొడి పడి, ఆయన చాలా కాలానికి పని చేసిన మనిషిలాగా కనబడినాడు. అన్నం పెడితే గిన్నె ఖాళీ చేసినాడు.

కసరత్తు అమ్మాయికి చెప్తే సంతోషపడింది. "కుడి చెయ్యి కూడా పెట్టించండి మేడం. కుడి చేతి కింద కాగితం, దాని మీద ఎడమ చెయ్యి. ఎడమది తోస్తే కుడిది పోతుంది. అట్లనే మెదడు మళ్లీ నేర్చుకుంటుంది." కాగితాన్ని ఒక చెక్కముక్కకు చుట్టి, ఆయన కుడి వేళ్లు ఒక్కొక్కటే విప్పి దాని మీద పరిచి, పైన ఎడమ చెయ్యి పెట్టేదాన్ని. ముందుకూ వెనక్కూ, చెక్క చాళ్ల వెంబడి. అడ్డం రుద్దితే గీతలు పడతాయని భాయ్ చెప్పినాడు కాబట్టి చాళ్ల వెంబడే. ఆయనకు అది వెంటనే పట్టుబడింది. స్టీరింగు పట్టిన మనిషి కదా, రెండు చేతులు ఒకదాన్ని పట్టుకుని పోవడం ఆయనకు తెలుసు.

మే నెల ఎండలు. పొద్దున కాసేపు, మళ్లీ సాయంత్రం కాసేపు. మధ్యాహ్నం రేకుల కింద ఉండలేం. బల్ల పైభాగం అయినాక కాళ్లు, కాళ్లు అయినాక కుర్చీలు. విరిగిన కుర్చీ చేతికి భాయ్ వేప కట్టెతో ఇంకో చెయ్యి చేసి తెచ్చి బిగించినాడు. పగుళ్లలో చెక్కపొడి, జిగురు కలిపి లప్పం పెట్టినాను. ఆరినాక మళ్లీ రుద్దడం.

అన్ని రోజులూ సుఖంగా పోలేదు. ఒక సాయంత్రం రుద్దుతా రుద్దుతా ఆగిపోయి నాకేదో చెప్పబోయినాడు. "రైట్... రైట్..." అంటా బల్ల మీద ఒక చోట వేలు పెట్టినాడు. ఆడ ఏమీ లేదు. "గరుకుగా ఉండాదా?" అన్నాను. కాదు. "పగులా?" కాదు. "నొప్పా? పడుకుంటావా? పాపకు ఫోన్ చేయాల్నా?" ప్రతిదానికీ తల అడ్డంగా ఊపి, అదే మాట ఇంకా గట్టిగా, మెడ నరాలు ఉబ్బేటట్టు అన్నాడు. నేను తప్పుడు ప్రశ్న అడిగిన కొద్దీ ఆయన కళ్లు నా ముఖాన్ని పట్టుకుని లాగుతున్నట్టు ఉండినాయి. చివరికి ఎడమ చేత్తో బల్ల మీద గుద్దినాడు. లప్పంలో కలపడానికి మూత తీసి పెట్టిన రంగు డబ్బా పడి బల్ల మీద పారింది. నేను గుడ్డ కోసం పరిగెత్తేలోపల చెక్క తాగేసింది. ఆయన తల వంచుకుని ఏడ్చినాడు, గొంతు రాకుండా.

ఆ రోజు ఆయన ఏం చెప్పాలనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. బల్ల గురించా, మా గురించా, చిన్నప్పటి ఏదన్నా సంగతా. ఎంతో ముఖ్యమైనది అయి ఉండవచ్చు, ఏమీ కానిది అయి ఉండవచ్చు. మళ్లీ ఎప్పుడూ అట్లా చెప్పబోలేదు. ఆ మరక కొంత పోయింది, కొంత మిగిలింది.

కానీ అదే వారం ఆయన కుడి బొటనవేలు కదిలింది. నేను వేళ్లు విప్పబోతాంటే తనంతట తనే కొంచెం విప్పింది. నా కళ్లను నేను నమ్మలేదు. "మళ్లీ చేయప్పా," అన్నాను. మళ్లీ కదిలించినాడు. నవ్వినాడు, ఎడమ పక్క మాత్రమే లేచే నవ్వు. కసరత్తు అమ్మాయి చూసి చప్పట్లు కొట్టింది. కూతురికి వీడియో తీసి పంపించినాను. వదినకు ఫోన్ చేసినాను, కావాలనే. "చూస్తివా వదినా," అన్నాను. అవతల మిషను చప్పుడు ఆగింది. "మంచిదే మే. దేవుడు చల్లగా చూడనీ," అంది అంతే.

ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం ఎవరైనా చెప్తారా అని అడిగితే లేచి నిలబడినాను. నేను మామూలుగా నలుగురిలో లేచే మనిషిని కాదు. పిల్లలకు పాఠం చెప్పడం వేరు. ఆ రోజు మాత్రం బల్ల తెచ్చిన సంగతి, ఆయన రుద్దిన సంగతి, వేలు కదిలిన సంగతి అంతా చెప్పినాను. దేవుడు విన్నాడు అన్నాను. స్కూళ్లు తెరిచే లోపల ఆయన తన చేత్తో అన్నం తింటాడు అన్నాను. అందరూ స్తోత్రం చెప్పినారు. వెనక వరసలో ఒక ముసలామె కళ్లు తుడుచుకుంటా నా చెయ్యి పట్టుకుంది.

జూన్ మొదట్లో భాయ్ వచ్చినాడు. లక్కను స్పిరిట్‌లో నానబెట్టి తెచ్చి, దూదిని గుడ్డలో ఉండగా చుట్టి, పాలిష్ కొట్టినాడు. ఒక పూత ఆరినాక ఇంకో పూత. చెక్క లోపల దీపం పెట్టినట్టు వెలుగు లేచింది. మా ఇంటాయన కుర్చీలో కూర్చుని భాయ్ చెయ్యినే చూస్తా ఉండినాడు. ఆఖరి పూత కొట్టేటప్పుడు భాయ్ ఆ గుడ్డ ఉండను ఆయన చేతికిచ్చి, "నువ్వు కూడా ఒక చెయ్యెయ్యి అన్నా, కష్టం నీదే గదా," అన్నాడు. రెండు చేతులతో పట్టుకుని ఒక కొసనుంచి ఇంకో కొసకు లాగినాడు. వంకరగా పోయింది. భాయ్ దాన్ని సరిచేయలేదు.

"ఇప్పుడే వేడి గిన్నెలు పెట్టొద్దు. బాగా ఆరనీండి," అని చెప్పిపోయినాడు. బల్లను పక్కకు ఒరిగించి వెనక తలుపులోంచి ముందు గదిలోకి తెచ్చినాం. పాలిష్ వాసన ఇల్లంతా నిండింది. ఆదివారం కూతురు, అల్లుడు వస్తామన్నారు. అందరం కూర్చుని ఆరోజే మొదటిసారి తిందామని అనుకున్నాం. ఆయనకు చెప్తే తలూపినాడు. అప్పటిదాకా అన్నం మంచం మీదే ఆనించి పెడతా వచ్చినాను.

శుక్రవారం పొద్దున స్కూలుకు తయారవుతా ఆయన్ని లేపబోయినాను. కళ్లు తెరిచే ఉన్నాయి. గొంతులో గురగుర. పిలిస్తే చూపు నా వైపు తిరగలేదు. చెయ్యి పట్టుకున్నాను. ఆ బొటనవేలు చల్లగా, బిగుసుకుని ఉంది.

కర్నూలుకు తీసుకుపోయినాం. మెదడులో ఇంకో చోట కూడా రక్తం గడ్డకట్టిందన్నారు. చాలా రోజులు ఉన్నాం. బతికినాడు. కానీ మింగడం పోయింది. ఉమ్ము కూడా మింగలేడు. ముక్కులోంచి పొట్టలోకి పైపు వేసినారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "నోటితో ఏమీ ఇవ్వొద్దమ్మా. నీళ్ల చుక్క కూడా. ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కడు," అన్నాడు. "ఎన్నాళ్లు సార్?" అన్నాను. డాక్టరు కాగితాల వైపు చూసినాడు. "ఇంగ ఇట్లనే అనుకోండి," అన్నాడు.

ఉన్న ఒక్క మాట కూడా పోయింది. గొంతులోంచి గాలి మాత్రం వస్తుంది.

ఇంటికొచ్చినాక ఆయన్ని కుర్చీలో, ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టినాను. నిటారుగా ఉంటేనే పైపులోంచి పోసింది కిందికి దిగుతుంది కదా. రాగి జావ పలచగా కాచి, వడకట్టి, సిరంజిలో పోసి పైకెత్తి పట్టుకుంటే మెల్లగా దిగేది. జావ దిగుతాంటే ఆయన బల్లను చూస్తా ఉండేవాడు. నేను కూడా బల్లనే చూసేదాన్ని, ఆయన ముఖం చూడలేక.

ఒకరోజు నేను సిరంజి కడుక్కురావడానికి పోయి వచ్చేసరికి పైపు పీకేసినాడు. ముక్కునుంచి రక్తం. నర్సును పిలిపించి మళ్లీ వేయించినాం. వేసేటప్పుడు ఆయన పడిన బాధ చెప్పలేను. మళ్లీ పీకినాడు. నర్సు చెప్పింది, "చెయ్యి కట్టేయండి మేడం. అందరూ అదే చేస్తారు. ల్యాకపోతే మాటిమాటికీ వేయాల, లోపల పుండవుతుంది."

కుడి చెయ్యిని కట్టాల్సిన పని లేదు. పాత నూలుచీర చింపి, ఆయన ఎడమ చేతిని కుర్చీ చేతికి కట్టినాను. ఆ కుర్చీ చెయ్యి భాయ్ కొత్తగా చేసి బిగించిన చెయ్యి. దాన్ని రుద్ది నున్నగా చేసింది మా ఇంటాయనే. ముడి మరీ బిగించలేదు, రక్తం ఆడాల కదా. ఆయన ఎదురు తిరగలేదు. ముడి వేస్తున్నంతసేపూ నా చేతుల వైపే చూసినాడు. స్కూలుకు పోయేటప్పుడు మనిషిని పెట్టినాను, ఆమెకు కూడా ముడి వేయడం చూపించినాను.

చర్చికి పోవడం మానేసినాను. అయ్యగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసినారు. నేను సాక్ష్యం చెప్పిన సంగతి అయ్యగారు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బజారులో చర్చివాళ్లు కనబడితే సందు మార్చి పోతాను. వాళ్లు నన్నేమీ అనరు. అనకపోవడాన్నే నేను ఓర్చుకోలేను.

వానలు పడినాక వదిన వచ్చింది. ఆమె చెప్పిందే జరిగింది కాబట్టి ఏమంటుందో అని నేను లోపల గట్టిగా చేసుకుని ఉన్నాను. ఆమె చెప్పులు విప్పి లోపలికొచ్చి, తమ్ముని ఎదురుగా కుర్చీలో కూర్చుని, కట్టిన చేతిని చూసి, ముడి విప్పింది.

"వదినా, పీకేస్తాడు."

"నేనుండా గదా. పట్టుకుంటా." ఆ చెయ్యిని తన రెండు చేతుల్లో పెట్టుకుంది. "నాయనా, నేను, అక్కను," అంది. ఆయన కళ్లలోంచి నీళ్లు కారినాయి.

నేను వంటింట్లోకి పోయినాను. వదిన వచ్చింది, ఏదో ఒకటి వండాల కదా. పప్పుకు తిరగవాత వేసినాను, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, కరివేపాకు. నూనెలో చిటపటమన్నాయో లేదో వదిన కేక వేసింది. "మే! ఇట్రా! బేగ రా!"

పరిగెత్తినాను. ఆయన నోరు కదులుతా ఉంది. దవడ కిందికీ పైకీ, మెల్లగా, నములుతున్నట్టు. నోట్లో ఏమీ లేదు. చొల్లు కారి రొమ్ము తడిసింది. కళ్లు వంటింటి గుమ్మం మీద ఉన్నాయి.

వదిన నా వైపు చూసింది. "వానికి అంతా తెలుస్తాండాది మే," అంది నెమ్మదిగా. "ఏమీ తెలియదనుకున్నా నేను. తెలియకపోతే బాగుండు. ఆకలి కూడా తెలుస్తాండాది."

ఆ రోజు మేమిద్దరం అన్నం తినలేదు. పప్పు పారబోసినాను. సాయంత్రం వదిన బస్సెక్కేటప్పుడు నా భుజం గట్టిగా పట్టుకుని, వదిలి, ఎక్కింది.

అప్పటినుంచి మా ఇంట్లో తిరగవాత వేయను. చప్పగా ఉడకబెట్టింది ఏదో తింటాను, లేకపోతే స్కూల్లో పిల్లల అన్నంలోనే నేనూ కొంచెం పెట్టించుకుంటాను. సెలవు రోజుల్లో బిస్కెట్లు. పక్కింట్లో వేపుడు వాసన వస్తే కిటికీ మూస్తాను. ఆయన ఎదుట నమలడం కూడా నా వల్ల కాలేదు. నేను ఏం తింటాన్నా ఆయన చూపు నా నోటి మీదికి వచ్చేది. అందుకని ఆయన కూర్చునే కుర్చీ ఒక్కటి లోపల ఉంచి, బల్లను, మిగతా కుర్చీలను మళ్లీ వెనక వరండాలోకి మోయించినాను. పిల్లల పరీక్ష పేపర్లు దాని మీద దిద్దుకుంటాను. వాన జల్లు కొట్టిన పక్క పాలిష్ తెల్లబారింది. భాయ్ ఒకసారి అటుగా పోతా చూసి, మళ్లీ కొట్టిపోతానన్నాడు. ఒద్దన్నాను.

పోయిన ఆదివారం కూతురు వచ్చింది. నేను చిక్కిపోయినానని, తినడం లేదని దానికి వదిన చెప్పినట్టుంది. ప్యాపిలి నుంచి క్యారియర్ నిండా వండుకొచ్చింది. సంగటి, పప్పు, వంకాయ పులుసు. "నాయన నిద్రపోతాండాడు మా. వెనక కూర్చుని తిందాం, తలుపేసుకుందాం," అంది. నేను వద్దన్నాను. అది వినలేదు. తలుపు దగ్గరికి వేసి, బల్ల మీద రెండు తట్టలు పెట్టి, వడ్డించింది.

పులుసు వాసన ముక్కుకు తగిలేసరికి నాకు కళ్లు తిరిగినట్టయింది. ఎన్నాళ్లయిందో. రెండు ముద్దలు తిన్నాం. లోపలినుంచి చప్పుడు వచ్చింది. టక్. మళ్లీ టక్. కట్టిన చేత్తో, వేళ్లతో, కుర్చీ చెక్కను కొడుతున్నాడు. మొదట మెల్లగా, తర్వాత ఆగకుండా.

కూతురు చెయ్యి తట్టలోనే ఆగిపోయింది. నా ముఖం చూసింది. పెదవులు బిగబట్టి లేచి, చెయ్యి కడుక్కుని, తలుపు తీసుకుని లోపలికి పోయింది. "నాయనా, నేనుండాను, ఈడనే ఉండాను," అంటాంటే వినబడింది. చప్పుడు ఆగలేదు.

నేను లేవలేదు. నా ముందర సంగటి వేడిగా ఉంది. ఆకలిగా ఉంది. వింటానే, తట్టలో ఉన్నదంతా తిన్నాను.